నల్లగండి తాళం

కొర్లమ్మ తన ఆడపడుచుతో మాట మానేసి పదకొండు నెలలైంది.

నల్లగండి పేటలో ఒకరికొకరు ఎదురుపడకుండా బతకడం కష్టం. రెండు కొండల మధ్య సముద్రం లోపలికి చొచ్చుకొచ్చి, బిందె కడుపులా గుండ్రంగా మడుగు కట్టిన చోటది. బిందె మూతిలాంటి సన్నటి దారి ఒక్కటే బయటి సముద్రానికి. ఆ దారినే గండి అంటారు. లోపలి ఒడ్డున పేట, రేవు. ఉత్తరపు కొండ మీద ప్రయోగశాల. పొద్దున్నే కొర్లమ్మ చేపల గంపతో రేవు నుంచి వస్తుంటే జగదీశ్వరి కొండ దిగుతూ ఉండేది. "వదినా" అని ఆగేది. కొర్లమ్మ గంప సర్దుకునే వంకతో ముఖం తిప్పుకుని వెళ్ళిపోయేది.

నిజానికి ఆ పిల్లను పెంచింది కొర్లమ్మే. అమ్మానాన్నలు లేని చెల్లెల్ని కొర్లమ్మ మొగుడు పోలయ్య చదివిస్తే, తల దువ్వి బడికి పంపింది కొర్లమ్మ. జగదీశ్వరి సముద్రశాస్త్రంలో డాక్టరేటు తెచ్చుకున్న రోజున పోలయ్య తన పడవ ముక్కు మీద చెల్లెలి పేరు రాయించాడు. చోటు చాలదని రంగులు వేసేవాడు మొండికేస్తే, పడవ పేరే చెరిపించి మరీ 'డాక్టర్ సూరాడ జగదీశ్వరి' అని పొడుగ్గా వేయించుకున్నాడు.

ఆమె పరిశోధనకు ఎంచుకున్న విషయం పేటలో పిల్లలకు కూడా తెలుసు. ఊపు. గాలి ఉండదు, కెరటం ఉండదు, ఆకాశం తేటగా ఉంటుంది. ఉన్నట్టుండి మడుగులో నీరు మెల్లగా పైకెక్కుతుంది, దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. మామూలుగా జానెడు. ఎప్పుడైనా మోకాలి లోతు. కొర్లమ్మ అమ్మమ్మ చిన్నదిగా ఉన్నప్పుడు ఒక ప్రశాంతమైన ఉదయాన రెండు నిలువుల ఎత్తు లేచి, రేవులో చేపలు ఏరుకుంటున్న నలభై ఒక్క మందిని తీసుకుపోయింది. గంగమ్మ తల్లికి కోపం వచ్చిందనుకున్నారు.

కోపం కాదని జగదీశ్వరి చెప్పింది కొర్లమ్మ ఇంట్లోనే, దూలానికి వేలాడే చీర ఉయ్యాల దగ్గర. అందులో కొర్లమ్మ చిన్న కూతురు నిద్రపోతోంది.

"ఇటు చూడు వదినా" అని ఉయ్యాలను వేలి కొసతో తోసింది. అది వెళ్ళి వెనక్కి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ అంతే మెల్లగా తోసింది. పది తోపులయ్యేసరికి ఉయ్యాల గోడకు తగిలేలా ఊగుతోంది. "బలం పెట్టలేదు. అది వచ్చే వేళకి తోసాను, అంతే. మన మడుక్కీ ఒక వేళ ఉంది. ఇరవై రెండు నిమిషాలు. ఎక్కడో దూరాన గాలివాన రేగుతాది. అక్కడి నుంచి గాలి బరువు తెరలు తెరలుగా సముద్రం మీద పరిగెత్తుకొస్తాది. కంటికి కనబడదు. నీటిని ఇలా వేలితో నొక్కుకుంటూ వస్తాది. ఆ తెరలు కూడా ఇరవై రెండు నిమిషాలకొకటి చొప్పున వచ్చాయనుకో, అదీ పెద్ద ఊపు."

తరువాత ఉయ్యాలను అది ఎదురొస్తున్నప్పుడు ఒకసారి, దూరంగా ఉన్నప్పుడు ఒకసారి, వేళ తప్పించి తోసింది. ఉయ్యాల తడబడి, వణికి, నిలిచిపోయింది. పిల్ల లేచి ఏడుపు అందుకుంది.

"నీ శాస్త్రం బాగుంది గానీ, గుంటని లేపీసినావు" అంది కొర్లమ్మ.

వేళ తప్పించడం. జగదీశ్వరి ఆరేళ్ళు కష్టపడి కనిపెట్టింది అదే. గండి అడుగున ఈ కొండ నుంచి ఆ కొండ దాకా నలభై పొడుగాటి రబ్బరు తిత్తులు పరిచింది. మామూలుగా అవి తోలు తీసిన పాముల్లా నేలకంటుకుని పడి ఉంటాయి, పైనుంచి పడవలు పోతుంటాయి. సముద్రంలో దూరదూరంగా లంగరు వేసిన తేలుడు యంత్రాలు గాలి బరువును కొలుస్తూ, తెరలు మడుగు తాళానికి సరిపడా వస్తున్నాయని చెప్పగానే తిత్తుల్లోకి గాలి ఎక్కించాలి. ఆరు నిమిషాల్లో అవి గోడలా లేచి నిలబడతాయి. గండి లోతు మారిపోతుంది. మడుగు వేళ ఇరవై రెండు నుంచి ముప్పై నాలుగుకు జరుగుతుంది. వచ్చే తోపులన్నీ తప్పు వేళకు వచ్చి వృథా అవుతాయి.

పేటవాళ్ళు దానికి తాళం అని పేరు పెట్టారు. తలుపుకు వేసే తాళం అని వాళ్ళ ఉద్దేశం. జగదీశ్వరికి ఆ మాట వేరే అర్థంలో నచ్చింది.

తాళం మొదటిసారి పడిన రోజున పోలయ్య గండి బయట ఉన్నాడు.

కొండ మీద సైరన్ మోగింది. తిత్తులు లేచాయి. సైరన్ వింటే సముద్రంలో ఉన్నవాడికి తెలిసింది ఒకటే, ఇంటికి పరుగెత్తడం. పోలయ్య ఇంజను జోరు పెంచి గండిలోకి వచ్చేశాడు. తిత్తుల మీదుగా జారుతున్న నీరు పడవను అడ్డంగా తిప్పి బోర్లా వేసింది. ఇద్దరు ఈదుకొచ్చారు. పోలయ్య రాలేదు.

పేట గుండె పగిలింది మాత్రం ఆ తరువాత. ఆ ఉదయం మడుగులో నీరు బెత్తెడు కూడా కదల్లేదు. రేవులో ఉన్నవాళ్ళంతా చూశారు. ఏ ఊపూ రాలేదు. ఉత్తుత్తి భయానికి గండి మూసి, సొంత అన్నను పొట్టన పెట్టుకుంది అన్నారు. అందరికంటే గట్టిగా అన్నవాడు కొర్లమ్మ తమ్ముడు ఎల్లాజీ. తిత్తులు పీకించాలని సర్కారుకు అర్జీ రాయించి, ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించాడు. పైన మొదటి గీత మాత్రం ఖాళీగా ఉంచాడు.

"అక్కా, ముందు పేరు నీదే ఉండాలి" అని కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "నువ్వు పెడితే ఇంకెవులూ మాటాడరు."

కొర్లమ్మ కలం పట్టుకుంది. చాలాసేపు పట్టుకునే ఉంది.

"రేపు పెడతాను" అంది చివరికి.

"ఇంకా రేపేటి?"

"ఒక మాట అడగాల. అడిగొచ్చి పెడతాను."

మర్నాడు చేపలు అమ్ముడయ్యాక ఖాళీ గంప నెత్తిన పెట్టుకునే కొండ ఎక్కింది. ప్రయోగశాలలో జగదీశ్వరితో పాటు గాలి పంపులు చూసుకునే ఇంజనీరు ఫరీద్ ఉన్నాడు. వదిన గుమ్మంలో కనబడగానే జగదీశ్వరి కుర్చీలోంచి లేచి నిలబడింది.

కొర్లమ్మ కూర్చోలేదు. "ఒకటే అడుగుతాను. ఆ దినం మీ అన్న ఉత్తినే పోనాడా?"

జగదీశ్వరి కంప్యూటర్ తెర మీద రెండు గీతలు చూపించింది. పైది గండి బయటి నీరు. రంపం పళ్ళలా ఐదుసార్లు లేచి పడింది, సరిగ్గా ఇరవై రెండు నిమిషాలకోసారి. కిందిది మడుగు. కాస్త వణికి సర్దుకుంది.

"వచ్చింది వదినా. ఐదుసార్లు తోసింది. గండి మూయకపోతే మూడో తోపుకే రేవు మీద రెండు నిలువుల నీరు." ఆమె గొంతు తగ్గింది. "ఆ పొద్దున రేవులో ఎంతమంది ఉన్నారో కెమెరాలో లెక్కపెట్టాను. మూడు వందల పన్నెండు మంది. నువ్వున్నావు. నీ పక్కన పిల్లలిద్దరూ ఉన్నారు."

కొర్లమ్మ గంప కిందికి దించింది. "పదకొండు నెల్లూ ఈ మాట ఎందుకు సెప్పలేదు?"

"ఏ నోటితో చెప్పమంటావు? అన్నని ముంచి, లెక్క చూపించి, మంచి పనే చేశానని నీ గుమ్మంలో నిలబడమంటావా?"

ఫరీద్ మెల్లగా బయటికి వెళ్ళిపోయాడు. కొర్లమ్మ ఆ గీతలవైపు చూసింది. నమ్మాలని ఉంది. నమ్మితే గుండెలో బరువు కొంత దిగుతుంది. అందుకే నమ్మకూడదనిపించింది.

"తెర మీద గీత ఎవులైనా గీస్తారు. నాకు నీటిలో సూపించు."

జగదీశ్వరి కళ్ళు తుడుచుకుంది. "చిన్న ఊపు వచ్చే రోజు దాకా ఆగాలి. ఆగుతావా?"

"ఆగుతాను. కానీ మీట నా సేతిలో ఉండాల."

తొమ్మిది రోజులు ఆగింది. ఎల్లాజీ రోజూ వచ్చి అడిగేవాడు, రోజూ రేపే అనేది. పదో రోజు పొద్దున ఫరీద్ పరుగున వచ్చి చెప్పాడు, చిన్న తెరలు బయలుదేరాయని. పడవలన్నీ రేవులోనే ఉన్న రోజది. కొర్లమ్మ ఒక వెదురు గెడ తీసుకుని మడుగులోకి దిగి మోకాలి లోతులో పాతింది. జానెడుకొకటి చొప్పున పాత చీర పేలికలు కట్టింది. ఆడవాళ్ళు గంపలు దించి చుట్టూ చేరారు. ఎల్లాజీ చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

నీరు ఎక్కింది. మొదటి పేలిక మునిగింది, రెండోది మునిగింది. దిగింది. చెప్పిన వేళకు మళ్ళీ ఎక్కింది, ఈసారి మూడోది కూడా మునిగింది. ఇంకో ఇరవై రెండు నిమిషాలకు నాలుగోది. చూస్తున్న ముసలమ్మలు చేతులు జోడించారు. కొర్లమ్మ చేతిలో ఫరీద్ ఇచ్చిన చిన్న మీట ఉంది. నొక్కింది. గండిలో నీరు నురగలెత్తి సద్దుమణిగింది.

ఆ తరువాతి తోపుకు రెండు పేలికలే మునిగాయి. దాని తరువాత ఒకటి. దాని తరువాత నీరు గెడ దగ్గర అటా ఇటా అన్నట్టు ఆగి, ఎక్కలేక నిలిచిపోయింది. బయట కొండ రాళ్ళ దగ్గర మాత్రం అదే నీరు అదే వేళకు ఎక్కి దిగుతూనే ఉంది. రాళ్ళ మీద కూర్చున్న ఆడవాళ్ళు కేకేసి చెబుతున్నారు.

కొర్లమ్మ ఆ గెడ పట్టుకుని నీళ్ళలోనే నిలబడిపోయింది. పదకొండు నెలలుగా రాని ఏడుపు వచ్చింది. ఎవరూ ఓదార్చబోలేదు.

సాయంత్రం ఊరి పెద్ద ఇంటి ముందు అందరూ కూడారు. ఎల్లాజీ అర్జీ తెచ్చాడు. కొర్లమ్మ దాన్ని మడిచి అతని చేతిలోనే పెట్టింది.

"నా పెనిమిటి ఉత్తినే పోలేదు" అంది. "ఆ దినం ఊపు వచ్చింది. ఆ తిత్తుల గట్టు మనందరినీ కాసింది. దానికి ఖరీదు ఆయన కట్టినాడు. ఇప్పుడు ఆ గట్టు పీకితే ఆయన కట్టినది నీటిపాలు సేసినట్టు. నాను పెట్టను సంతకం."

"అయితే బావ సావుకి తప్పెవులిదీ కాదా?" అన్నాడు ఎల్లాజీ.

"తప్పుంది." ఆమె వెనక్కి తిరిగి, గుంపు చివర నిలబడ్డ జగదీశ్వరిని చూసింది. అందరూ చూశారు. "అమ్మీ, నీ యంత్రానికి గాలి ఎప్పుడు నింపాలో తెలుసు. సముద్రంలో ఉన్న మనిషికి సెప్పాలని మాత్రం నీకు తోచలేదు. సైరన్ కూస్తే మావోలు ఇంటికి పరిగెత్తుతారని నీకు తెలీదా? నువ్వు ఈ పేట పిల్లవి కాదా?"

"తెలుసు వదినా" అంది జగదీశ్వరి. అందరికీ వినబడేలా అంది. "తెలిసుండీ మరిచిపోయాను. ఆ తప్పు నాదే."

"అయితే సైరన్ తీయించీ. ప్రతి పడవలో మాటాడే సెట్టు పెట్టించు. ఇంకనించి గండి మూసే ముందు మనిషి గొంతు ఇనబడాల. ఆ గొంతు నాది."

ఐదో తరగతి చదివిన కొర్లమ్మ అలా ప్రయోగశాలలో చేరింది. పొద్దున చేపలు అమ్ముకుని, తొమ్మిదింటికల్లా కొండ మీద ఉండేది. గాలి బరువు అంకెలు చదవడం రెండు నెలల్లో పట్టుబడింది. ఆమె పెట్టిన పద్ధతులు వేరే ఉన్నాయి. 'తీరానికి దూరంగా సురక్షిత ప్రాంతానికి తరలి వెళ్ళండి' అని ఫరీద్ రాసిచ్చిన ప్రకటనను చదివి నవ్వింది. "ఇది సదివేసరికి గండి రెండుసార్లు మూసుకుంటాది" అని కొట్టేసి, "ముక్కు తిప్పు, పెద్దనీటికి పో" అని రాయించింది. లోతు నీటిలో ఊపు పడవను నొప్పించదు. ఒక మూరెడు ఎత్తి దింపుతుంది, అంతే. గండి దగ్గర, రేవు దగ్గరే అది పులి అవుతుంది. ఇది పడవ పడవకూ ఎక్కి చెప్పింది. పిలిస్తే ఊరికే వినడం కాదు, పేరుపేరునా జవాబు చెప్పాలంది. గండి మూసినప్పుడు పొర్లి వెనక్కి పోయే నీరు కొండ అవతలి ఇసుకను తాకుతుందని తెలిశాక, అక్కడ మనుషులు ఉండకూడదని కట్టడి పెట్టించింది.

ఎల్లాజీ కూడా సెట్టు తీసుకున్నాడు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి పడవ పలకల కింద పడేశాడు. అవతలి ఇసుకలో వలలు ఆరేసుకునే పాక మాత్రం తీయలేదు. అక్క మాట కాదనలేక మనుషుల్ని అక్కడ పడుకోనివ్వడం మానేశాడు.

ఏప్రిల్ నెల, పొద్దున పదవుతోంది. మబ్బు తునక లేదు. రాత్రి వేటకెళ్ళిన పదకొండు పడవలు కవ్వళ్ళ చేపలతో బరువుగా తిరిగొస్తున్నాయి. రేవు నిండా జనం. చేపల వేలం పాడేవాళ్ళు, ఐసు బళ్ళు, గంపలతో ఆడవాళ్ళు. కొర్లమ్మ కూతుళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు.

దూరపు తేలుడు యంత్రం అంకె ఉన్నట్టుండి మారింది. దాని తరువాతది మారింది. జగదీశ్వరి తెర ముందుకు వంగింది.

"నాలుగు తెరలు. వేళ ఇరవై రెండు." ఆమె అంకెలు మళ్ళీ చూసింది. "వదినా, ఇది ఆ రోజుదానికి రెట్టింపు. పన్నెండు నిమిషాల్లో గండి దగ్గరుంటాది. ఆరులోగా మూయడం మొదలెట్టాలి."

కొర్లమ్మ మైకు తీసుకుంది. "నల్లగండి పడవలు ఇనండి. కొర్లమ్మని. గండి మూస్తన్నాం. ముక్కు తిప్పండి, పెద్దనీటికి పొండి. గురుమూర్తీ, ఇన్నావా?"

"ఇన్నానత్తా. తిప్పుతన్నాను."

"దానయ్యా."

"తిప్పినాను వదినా."

ఒక్కొక్కరే పలికారు. పది పడవలు. అద్దాల కిటికీలోంచి చూస్తుంటే తెల్లటి నురగ గీతలు ఒకటొకటిగా వంపు తిరిగి సముద్రంవైపు మళ్ళుతున్నాయి. ఒక్కటి మాత్రం నేరుగా గండివైపే వస్తోంది. అందరికంటే ముందు, అందరికంటే బరువుగా.

"ఎల్లాజీ. తమ్ముడా. పలుకు."

గరగర తప్ప ఏమీ లేదు.

"గండికి తొమ్మిది నిమిషాల దూరంలో ఉన్నాడు" అన్నాడు ఫరీద్ దుర్భిణి దించి. "మేడమ్, మధ్యలో రెండు తిత్తులు వదిలేస్తే? అతను దూరేంత సందు..."

"వదలకూడదు." జగదీశ్వరి మాట తెగ్గొట్టినట్టు వచ్చింది. "సగం మూసిన గండి తెరిచిన గండి కంటే చెడ్డది. లోపలికి వచ్చిన నీరు బయటికి పోలేక ఊపు మరింత పెరుగుతాది. మూస్తే మొత్తం మూయాలి." ఆమె కొర్లమ్మవైపు తిరిగింది. "వదినా, నువ్వు పక్కకి రా. నేను నొక్కుతాను. నీ తమ్ముడి మీద నీ చేత్తో..."

కొర్లమ్మ రేవువైపు చూసింది. తమ్ముడి పడవవైపు చూసింది. అప్పుడు ఆమెకు అర్థమైంది, ఆ రోజు ఈ గదిలో ఈ పిల్ల ఒక్కతే నిలబడి ఏం మోసిందో.

"ఒకసారి నువ్వు నొక్కినావు. ఈసారి నాను" అంది. నొక్కింది.

కొండ అడుగున పంపులు గుర్రుమన్నాయి. ఫరీద్ నిమిషాలు లెక్కపెడుతున్నాడు. ఒకటి. రెండు. కొర్లమ్మ మైకు వదల్లేదు.

"ఎల్లాజీ, అక్కని. గండి మూసుకుంటంది. నాను మూసినాను. నువ్వు రాకు. ఎల్లాజీ, అక్కని. గండి మూసుకుంటంది."

మూడో నిమిషంలో సెట్టు చిటపటలాడింది. ఎవరో సంచి చింపుతున్న చప్పుడు.

"అక్కా." ఎల్లాజీ గొంతు. "గురుమూర్తిగాడు గుడ్డ ఊపుతా వెనక్కి పోతన్నాడు, ఏటని తీసినాను. ఏటయినాది? గండి ఎదరే ఉంది. నీరు పలకలా ఉంది. ఇంజను గట్టిగా లాగితే లోపలుంటాను."

"మీ బావా ఇలాగే అనుకున్నాడు."

కొర్లమ్మ మైకును నోటికి దగ్గరగా జరిపింది.

"ఆ దినం ఆయనకి సెప్పినోలు ఎవులూ నేరు. నీకు నాను సెప్తన్నాను. నీరు సూడకు. యంత్రాన్ని నమ్మకపోతే పో. నన్ను నమ్ము. ముక్కు తిప్పు."

కిటికీ అవతల తెల్లటి గీత ఇంకా నేరుగానే వస్తోంది. జగదీశ్వరి కళ్ళు మూసుకుంది. ఫరీద్ ఐదు అన్నాడు. గండి మీద నీరు అప్పటికే నురగలు కక్కుతోంది. అప్పుడు ఆ గీత కాస్త వంగింది. ఇంకాస్త వంగింది. బరువుకు పడవ ఒక పక్కకు ఒరిగి, కవ్వళ్ళ గంపలు రెండు నీళ్ళలోకి దొర్లి, మెల్లగా ముక్కు తిప్పుకుని సముద్రంవైపు మళ్ళింది.

కొర్లమ్మ కుర్చీలో కూలబడలేదు. ఇంకో సెట్టు తీసి రేవు మనుషుల్ని మెట్లు దాటి పైకి ఎక్కించమని చెబుతోంది.

ఊపు వచ్చింది. బయటి గీత తెర పైఅంచు దాటిపోయింది. గండిలో తిత్తుల మీద నీరు తెల్లగా లేచి గోడకు కొట్టుకున్నట్టు కొట్టుకుని వెనక్కి పడింది. లోపల మడుగు రేవు మెట్లు నాలుగు ఎక్కి, ఆగి, గంపలు కొన్ని లాక్కుని దిగింది. రెండో తోపుకు మూడు మెట్లు. ఒక తిత్తి పగిలిన మోత కొండంతా వినబడింది, తరువాత ఇంకొకటి. ఫరీద్ పంపుల దగ్గరికి పరుగెత్తాడు. మూడో తోపుకు రెండు మెట్లు. నాలుగోది మొదటి మెట్టును తడిపి ఊరుకుంది.

ఆ పొద్దున రేవులో ఒక్క ప్రాణం పోలేదు. సముద్రంలో పదకొండు పడవలూ నీటి మీద అలా లేచి అలా దిగాయి. గురుమూర్తి తరువాత చెప్పాడు, చేతిలో గ్లాసులోని టీ కూడా ఒలకలేదని.

జగదీశ్వరి తెర ముందు తల వాల్చి కూర్చుంది. కొర్లమ్మ వెళ్ళి ఆమె భుజం పట్టుకుంది.

"లేచి సూడమ్మీ. నీ గట్టు నిలబడింది."

జగదీశ్వరి చూడలేదు. వదిన నడుము చుట్టూ చేతులు వేసి, చిన్నప్పుడు బడికి పోనని మారాం చేసినట్టు ముఖం దాచుకుంది. కొర్లమ్మ ఆమె జుట్టు సరిచేస్తూ నిలబడింది. ఈ తల నేను దువ్విన తల, అనుకుంది. ఇందులో పుట్టిన ఊహ ఇవాళ ఊరిని నిలబెట్టింది. ఆ మాట పైకి అనడం ఆమెకు చేతకాలేదు.

మూడు గంటల తరువాత తిత్తులు దింపారు. పడవలు లోపలికి వచ్చాయి. రేవులో అందరూ ఎల్లాజీ పడవ దగ్గరికి పోతే, అతను ఎవరితోనూ మాట్లాడకుండా తడి బట్టలతోనే కొండ ఎక్కాడు. ప్రయోగశాల గుమ్మంలో ఆగాడు. జగదీశ్వరి ఎదుట నిలబడి చాలా కాలమైంది.

"నీ గట్టు అవతలి ఇసుకలో నా పాక, వలలు ఊడ్చుకుపోయింది" అన్నాడు.

"చూశాను" అంది జగదీశ్వరి. "వెనక్కి పోయిన నీరు అటే పోవాలి. దానికి ఇంకో దారి నా దగ్గర లేదు."

"మళ్ళీ మూస్తే మళ్ళీ పోతాయా?"

"పోతాయి. అక్కడ ఏది పెట్టినా పోతుంది. లేదని అబద్ధం చెప్పను."

ఎల్లాజీ తల గోక్కున్నాడు. "తిత్తులు సిరిగినాయంట గదా" అన్నాడు. "ఎన్ని?"

"పదకొండు. కొత్తవి రావడానికి నాలుగు నెలలు పడుతుంది."

"నాలుగు నెల్లు గండి తాళం నేకుండా ఉండాలా?" అతను బయటికి నడుస్తూనే అన్నాడు. "రేపు వలలల్లేవోల్ని పదిమందిని తెస్తాను. రబ్బరైనా, నైలానైనా, సిరిగినది కుట్టడం మాకు ఒకరు నేర్పక్కర్లేదు. ఎక్కడ కుట్టాలో నువ్వు సూపించు."

పదిహేను రోజుల్లో పదకొండు తిత్తులూ గండి అడుగుకు చేరాయి. వాటి కుట్లు చూడటానికి పట్నం నుంచి ఇంజనీర్లు వచ్చారు. ఎల్లాజీ వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ముడి ఎలా వేయాలో చూపించాడు. చెల్లెలు వరుస కాకపోయినా జగదీశ్వరి గురించి చెప్పేటప్పుడు "మా డాక్టరమ్మ" అనడం మొదలుపెట్టాడు.

కబురు తీరమంతా పాకింది. ఇలాంటి మడుగులున్న ఊళ్ళు మూడు తమకూ గట్టు కావాలని మనుషుల్ని పంపాయి. వచ్చిన పెద్దలు తిత్తులు ఎన్నాళ్ళలో పెడతారని అడిగారు.

"రెండేళ్ళు పడుతుంది" అంది జగదీశ్వరి. "దానికంటే ముందు మీకు గొంతు కావాలి. మీ పడవలవాళ్ళు మాట వినే మనిషి. దాన్ని తయారుచేయడం నాకు తెలీదు. మా వదినకి తెలుసు."

అలా వర్షాలు పడకముందే కొర్లమ్మ జీపులో కూర్చుని, జీవితంలో మొదటిసారి పేట దాటి అరవై మైళ్ళ దూరం వెళ్ళింది. అక్కడి మడుగు పొడుగ్గా, కాలువలా ఉంది. రేవులో ఇరవై మంది ఆడవాళ్ళు కాచుకుని ఉన్నారు. ప్యాంటూ చొక్కా వేసుకున్న అధికారి ఎవరో దిగుతాడనుకున్నట్టున్నారు. నేత చీర కట్టి, ముక్కుకు అడ్డబాస పెట్టుకున్న మనిషిని చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మీరేటి సేస్తారమ్మా అక్కడ?" అని అడిగింది వాళ్ళలో పెద్దావిడ.

కొర్లమ్మ తల ఎత్తింది. "నల్లగండి మూసేదాన్ని నాను. సూరాడ పోలయ్య పెళ్ళాన్ని. గట్టు కట్టిన జగదీశ్వరికి వదినని."

ఈ మూడు మాటల్లో ఏది ముందు చెప్పాలో జీపులో అరవై మైళ్ళూ ఆలోచించింది. చెప్పాక మూడూ సమానంగానే అనిపించాయి.

"మీ మడుగు ఊగుతాదా?" అని అడిగింది.

"ఊగుతాది. మా మావ కాలంలో ఆరుగురిని తీసుకుపోనాది."

"ఎన్ని నిమిషాలకి ఊగుతాది?"

ఎవరికీ తెలియదు. ఇన్ని తరాలుగా దాని ఒడ్డున బతికి, ఎవరూ దాన్ని ఆ ప్రశ్న అడగలేదు.

కొర్లమ్మ చెప్పులు విప్పి పక్కన పెట్టింది. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుంది. "రండి, సూద్దాం" అని ముందుగా తనే నీళ్ళలోకి దిగింది.